నయీముద్దీన్‌ని కోచ్‌గా మనం సరిగ్గా అంచనా వేశామా?

స్టాపర్_సత్యం
2025 నవంబర్ 18న ఢాకాలో మన ఫుట్‌బాల్ జట్టు బంగ్లాదేశ్ మీద 1-0తో ఓడిపోయిన రాత్రి నుంచి మా వాట్సాప్ గ్రూపులో ఒకటే గోల. కోచ్ ఖాలిద్ జమీల్‌ని తీసెయ్యాలట, ఇండియన్ కోచ్‌కి నేషనల్ టీం ఇవ్వడమే తప్పట, మళ్లీ ఫారిన్ కోచ్‌ని తెచ్చుకోవాలట. ఆయన వచ్చిందే ఆగస్టులో. వచ్చిన నెలకే మధ్య ఆసియా జట్ల కాఫా కప్పులో ఒమన్‌ని పెనాల్టీల మీద కొట్టి మూడో స్థానం తెస్తే ఇదే గ్రూపు ఆయన్ని నెత్తిన పెట్టుకుంది.

ఈ మాటలు నాకు కొత్త కాదు. 2006లో నేనే అన్నాను. ఫిబ్రవరిలో యొకొహామాలో జపాన్ మనకి ఆరు గోల్స్ కొట్టింది, సరిగ్గా వారానికి సొంతగడ్డ మీద యెమెన్ చేతిలో 3-0. అప్పుడు కోచ్ మన హైదరాబాదీ సయ్యద్ నయీముద్దీన్. రూమ్మేట్లతో కూర్చుని ఆ పెద్దాయన్ని నానా మాటలూ అన్నాను. పాత కాలం మనిషి, ఇంటికి పంపాలి అని.

పోయిన వారం మా నాన్నగారి ట్రంకు పెట్టె సర్దుతుంటే అడుగున పరిచిన పాత పేపరు బయటికొచ్చింది. మడత దగ్గర చిరిగిపోయింది, అక్షరాలు పసుపు రంగులో కలిసిపోయాయి. 1970 డిసెంబరు, బ్యాంకాక్ ఆసియా క్రీడలు, మనకి ఫుట్‌బాల్‌లో కాంస్యం. మూడో స్థానం మ్యాచ్ 1-0తో గెలిచాం. ఎవరి మీద? జపాన్ మీద. మన కెప్టెన్ ఎవరు? నయీముద్దీన్.

ఆ కాగితం పట్టుకుని చాలాసేపు అలాగే కూర్చుండిపోయాను. కెప్టెన్‌గా జపాన్‌ని ఓడించిన మనిషి కోచ్‌గా అదే జపాన్ దగ్గర ఆరు తిన్నాడు. ఇందులో ఆయన తప్పెంత? ఆ కెరీర్‌ని ఎలా చూడాలి? తెలిసినవాళ్లు చెప్పండి.

గోల్‌పోస్ట్_గోపి
సెంటిమెంటు బాగుంది అన్నా, కానీ 6-0 అంటే 6-0. ఆటగాడిగా గొప్పోడైతే కోచ్‌గా మార్కులు కలపాలా? రెండూ వేరు పరీక్షలు.

దీక్షిత_10
ఆ మ్యాచ్‌లో జపాన్ కోచ్ ఎవరో గుర్తుందా ఎవరికైనా? జీకో! బ్రెజిల్ జీకో. అంటే రెండు వైపులా గట్టు మీద నిలబడింది మాజీ ఆటగాళ్లే.

స్టాపర్_సత్యం
అవును కదా దీక్షితా, ఇది నాకు తట్టనే లేదు.

ఖరగ్‌పూర్_అప్పారావు
నేను ఖరగ్‌పూర్ రైల్వే కాలనీలో పుట్టి పెరిగినవాణ్ని. మా తాత శ్రీకాకుళం నుంచి వచ్చి వర్క్‌షాపులో చేరాడు. ఇంట్లో తెలుగు, వీధిలో బెంగాలీ, మైదానంలో మాత్రం కలకత్తా ఈస్ట్ బెంగాల్ క్లబ్. కాబట్టి నాకు నయీం సాబ్ అంటే ముందు 2006 గుర్తుకురాదు, 1990 గుర్తొస్తుంది.

ఆ సీజన్‌లో ఆయన కోచ్‌గా ఈస్ట్ బెంగాల్ డ్యూరాండ్, రోవర్స్, ఐఎఫ్ఏ షీల్డ్ మూడూ కొట్టింది. మూడూ ఒకే సీజన్‌లో. ఈ కాలం పిల్లలకి ఆ కప్పుల బరువు తెలియదు, అప్పటికి నేషనల్ లీగ్ లేదు, 1996లో గాని మొదలుకాలేదు. ఈ మూడు కప్పులే దేశమంతటికీ కొలబద్ద. నేను లోకల్ ట్రైన్ ఎక్కి హౌరాలో దిగి, అక్కణ్నుంచి నడుచుకుంటూ మైదానానికి పోయేవాణ్ని. చెక్క గ్యాలరీ మీద వెయ్యిమంది ఒకేసారి లేచి గెంతితే కాళ్ల కింద పలకలు ఊగేవి, పక్కవాడి భుజం పట్టుకుని నిలబడాల్సిందే. మ్యాచ్ గెలిచిన సాయంత్రం ఇలిష్ చేప కొనకుండా ఇంటికి పోతే అవమానం. ఇలిష్ అంటే మన గోదావరి పులసే లెండి. మా పోటీ క్లబ్ మోహన్ బగాన్ వాళ్లు గెలిస్తే రొయ్యలు.

ఆయన ప్రాక్టీసు గురించి కలకత్తాలో ఒకటే మాట: టైముకి రానివాడికి ఆయన దగ్గర చోటు లేదు. స్టార్ అయినా సరే. అదే ఏడు ద్రోణాచార్య ఇచ్చారు. ఫుట్‌బాల్‌కి ఆ అవార్డు రావడం అదే మొదలు. అర్జున ఆటగాడిగా 1970లోనే వచ్చేసింది. ఇవన్నీ పక్కన పెట్టేసి ఒక్క యొకొహామా రాత్రితో మనిషిని తూస్తారా?

గోల్‌పోస్ట్_గోపి
అప్పారావు గారూ, మీ అభిమానానికి దండం. కానీ మీరు చెప్పిందంతా క్లబ్ కోచింగ్. సత్యం అన్న అడిగింది నేషనల్ టీం గురించి.

ఖరగ్‌పూర్_అప్పారావు
నేషనల్ టీంతో కూడా గెలిచాడు బాబూ. 1997లో ఖాట్మండులో దక్షిణాసియా దేశాల శాఫ్ కప్పు, ఫైనల్లో మాల్దీవుల మీద 5-1. మళ్లీ 2005 డిసెంబరులో కరాచీలో శాఫ్ కప్పు, ఫైనల్లో బంగ్లాదేశ్ మీద 2-0. కరాచీలో గెలిచి వచ్చిన రెండు నెలలకే యొకొహామా. ఆ రెండు నెలల్లో మనిషి తెలివి ఆవిరైపోతుందా?

మిడ్‌ఫీల్డ్_మూర్తి
శాఫ్‌లో మనమే పెద్దన్న. అక్కడ గెలవడం మామూలు, ఓడితేనే వార్త. దాంతో కోచ్‌ని కొలవలేం.

బర్కాస్_భాయ్
నయీం సాబ్ గురించి మాట్లాడాలంటే మన పాత ఇండియా కోచ్, హైదరాబాదీ సయ్యద్ అబ్దుల్ రహీం సాబ్ దగ్గర మొదలుపెట్టాలి. లేకపోతే కథ సగమే.

రహీం సాబ్ స్టార్ ప్లేయర్ కాదు. ఉస్మానియాలో చదువుకున్నాడు, ఖమర్ క్లబ్‌కి ఆడాడు, బడిలో పాఠాలు చెప్పాడు. దేశానికి ఎప్పుడూ ఆడలేదు. 1943 నుంచి హైదరాబాద్ సిటీ పోలీస్ టీంని ఆయనే తయారుచేశాడు, 1950 నుంచి 54 దాకా వరసగా ఐదు రోవర్స్ కప్పులు. తర్వాత ఇండియాకి 1951లో ఢిల్లీ స్వర్ణం, 56 మెల్‌బోర్న్ ఒలింపిక్స్‌లో నాలుగో స్థానం, 62లో జకార్తాలో కొరియాని ఫైనల్లో 2-1తో కొట్టి ఇంకో స్వర్ణం. అప్పటికే క్యాన్సర్, మరుసటి ఏడు జూన్‌లో పోయాడు. ఆయన మీద 2024లో హిందీ సినిమా వచ్చాక గాని మన ఊళ్లోనే చాలామందికి తెలియలేదు, అది వేరే బాధ.

నయీం సాబ్ ఆ సిటీ పోలీస్ గూటి పిట్టే. అక్కడి నుంచి 66లో ఈస్ట్ బెంగాల్, తర్వాత మోహన్ బగాన్, మొహమ్మడన్. కలకత్తా మూడు పెద్ద క్లబ్బులకీ ఆడాడు. క్రమశిక్షణ, ఎడమ కాలితో కూడా సమానంగా తన్నడం, బంతిని కాళ్ల దగ్గర ఎక్కువసేపు ఉంచుకోకపోవడం, ఇవన్నీ ఇక్కడి నీళ్లలోనే ఉన్నాయి. రహీం సాబ్ డ్రిబ్లింగ్ లేకుండా ఆడాలని, బలం లేని కాలితోనే తన్నాలని రూల్ పెట్టి టోర్నమెంట్లు ఆడించేవాడు. మా బర్కాస్‌లో ఇప్పటికీ ముసలివాళ్లు పిల్లలకి అదే చెప్తారు, "ఉల్టే పావ్ సే మారో" అని.

దీక్షిత_10
భాయ్, ఇక్కడే నాకో డౌట్. గొప్ప ఆటగాడైతే గొప్ప కోచ్ అవుతాడన్న గ్యారంటీ లేదు, కానీ కెప్టెన్లు అయినవాళ్లు ఎక్కువ అవుతారేమో? జర్మనీ బెకెన్‌బౌర్ 1974లో కెప్టెన్‌గా, 1990లో కోచ్‌గా వరల్డ్ కప్ ఎత్తాడు. ఫ్రాన్స్ దెషాం 1998లో కెప్టెన్, 2018లో కోచ్. బ్రెజిల్ జగాలో కెప్టెన్ కాదు గానీ 58, 62 ఆటగాడిగా, 70 కోచ్‌గా. (జగాలో, బెకెన్‌బౌర్ ఇద్దరూ 2024 జనవరిలో రెండు రోజుల తేడాలో పోయారు, ఆ వారమంతా నాకు మనసేం బాగోలేదు.) ఇటుపక్క అర్జెంటీనా స్కలోనీని చూడండి, సీనియర్ టీంలో పెద్ద పేరేం లేదు, కోచ్‌గా అనుభవమూ లేదు, 2022లో మెస్సీ చేతికి కప్పు ఇప్పించాడు.

మిడ్‌ఫీల్డ్_మూర్తి
వాళ్లందరి వెనకా ఒక వ్యవస్థ ఉంది అమ్మా. మనవాడి వెనక ఎవరున్నారు?

దీక్షిత_10
అదే కదా నేను చెప్పబోయేది, తొందరపడ్డారు మూర్తి గారు :)

1970లో మనం కొట్టిన జపాన్ మామూలు జపాన్ కాదు. రెండేళ్ల ముందు, 1968 మెక్సికో ఒలింపిక్స్‌లో కాంస్యం గెలిచిన దేశం అది. వాళ్ల మీద గెలిచాం అంటే ఆ రోజుకి మనం నిజంగా ఆసియాలో పెద్ద జట్టే. తర్వాత వాళ్లేం చేశారు? 1993లో జె-లీగ్ అని సొంత ప్రొఫెషనల్ లీగ్ పెట్టారు. జీకో లాంటి మనిషిని ముందు ఆటగాడిగా రప్పించి కాశిమా క్లబ్‌లో ఆడించుకున్నారు, ఆ తర్వాత నేషనల్ కోచ్‌ని చేశారు. 1998 నుంచి ప్రతి వరల్డ్ కప్ ఆడుతున్నారు. మనం? ఆసియా క్రీడల ఫుట్‌బాల్‌లో మన చివరి పతకం ఆ 1970దే. యాభై ఐదేళ్లు.

యొకొహామాలో నయీం గారు నిలబడింది ఒక కోచ్ ఎదురుగా కాదండీ, ముప్ఫై ఆరేళ్ల పని ఎదురుగా.

బర్కాస్_భాయ్
వాహ్ బేటీ.

స్టాపర్_సత్యం
ఆ చివరి లైను నన్ను కొట్టింది. 2006లో ఇది చెప్పేవాళ్లు ఎవరైనా ఉంటే బాగుండేది.

గోల్‌పోస్ట్_గోపి
సరే, ఇదంతా ఒప్పుకుంటా. మరి నయీం గారు కోచ్‌గా దిగిపోయాక ఇంగ్లాండ్ కోచ్ బాబ్ హౌటన్ వచ్చాడు, అదే దేశం, అవే మైదానాలు, అదే ఆటగాళ్లు. 2007లో నెహ్రూ కప్, 2008లో ఏఎఫ్‌సీ చాలెంజ్ కప్, దాంతో 2011 ఆసియా కప్‌కి క్వాలిఫై అయ్యాం. వ్యవస్థ మారలేదు, కోచ్ మారాడు, ఫలితం మారింది. దీనికేమంటారు? హౌటన్ ఆటగాడిగా పేరున్నవాడు కూడా కాదు, స్వీడన్ క్లబ్ మాల్మోని 1979లో యూరోపియన్ కప్ ఫైనల్ దాకా తీసుకెళ్లిన కోచ్. అంటే కోచింగ్ అనేది విడిగా నేర్చుకోవాల్సిన విద్య.

మిడ్‌ఫీల్డ్_మూర్తి
ఇది గట్టి పాయింట్.

పీఈటీ_మాస్టారు
నేను ముప్ఫై ఏళ్లుగా జిల్లా పరిషత్ బడిలో పీఈటీని. గోపి చెప్పింది నా బతుకులో చూశాను కాబట్టి రాస్తున్నా.

మా జిల్లా జట్టుకి ఒకప్పుడు కోచ్‌గా ఒక మంచి ఆటగాణ్ని పెట్టారు, పేరు వద్దు. ఆయన కాలిలో బంతి ఉంటే కళ్లు తిప్పుకోలేం. కానీ పిల్లాడు తప్పు చేస్తే, బంతి లాక్కుని తాను చేసి చూపించేవాడు. "ఇలా!" అనేవాడు. పిల్లాడు మళ్లీ తప్పు చేస్తే మళ్లీ "ఇలా!" తనకి ఒళ్లు ఎలా తిరుగుతుందో చెప్పడానికి ఆయన దగ్గర మాట లేదు, ఎందుకంటే ఆయనకి అది ఎప్పుడూ కష్టం కాలేదు. ఏడాదికి సగం మంది పిల్లలు మానేశారు.

అదే జిల్లాలో ఇంకో మాస్టారు ఉండేవాడు, స్టాపర్‌గా, అంటే వెనక మధ్యలో డిఫెండర్‌గా, ఆడినవాడు, వేగం లేదు, ఒడ్డూ పొడుగూ లేదు. ఆయన పిల్లాడి పక్కన నిలబడి బూటు మడమతో మట్టిలో గీత గీసేవాడు. "ఫార్వర్డ్ ఇక్కడికొస్తే నువ్వీ గీత దాటకు. బంతిని చూడకు, వాడి నడుము చూడు. కళ్లు మోసం చేస్తాయి, కాళ్లు మోసం చేస్తాయి, నడుము చెయ్యదు." అంతే. ఆ పిల్లల్లో నలుగురు యూనివర్సిటీకి ఆడారు. వేగం లేనివాడు ఆలోచించి ఆడాలి కాబట్టి, ఆ ఆలోచన తర్వాత పిల్లలకి పనికొచ్చింది.

నయీముద్దీన్ గారు డిఫెండర్. డిఫెండర్‌కి మైదానం మొత్తం ఎదురుగా కనిపిస్తుంది. దెషాం కూడా వెనక నిలబడి కాపు కాసే మిడ్‌ఫీల్డరే. ఇది ఊరికే కలిసొచ్చిన సంగతి అనుకోను.

లెఫ్ట్‌వింగ్_లచ్చన్న
మాస్టారూ, మరి ఫార్వర్డ్‌లు కోచ్‌లు కారా? పీకే బెనర్జీ వింగరే కదా, జకార్తా ఫైనల్లో గోల్ కొట్టినోడు. 1977లో పెలే అమెరికా క్లబ్ కాస్మాస్‌తో కలకత్తా వచ్చినప్పుడు మోహన్ బగాన్ 2-2 డ్రా చేసింది, ఆ రోజు మోహన్ బగాన్ కోచ్ పీకేనే. 82 ఢిల్లీ ఆసియా క్రీడలకి ఇండియా కోచ్ కూడా. క్వార్టర్ ఫైనల్లో సౌదీ మీద 1-0తో పోయాం గాని.

బర్కాస్_భాయ్
ఆ కాస్మాస్ మ్యాచ్‌లో మోహన్ బగాన్‌కి గోల్ కొట్టినవాళ్లలో మా హబీబ్ భాయ్ ఉన్నాడు. హైదరాబాదీ! నయీం సాబ్‌తో పాటు 1970 కాంస్యం జట్టులో ఉన్నాడు. 2023 ఆగస్టు 15న పోయాడు. ఆ రోజు జెండా పండగ సందట్లో ఎంతమందికి తెలిసిందో.

పీఈటీ_మాస్టారు
లచ్చన్నా, నేను నియమం చెప్పలేదు, నేను చూసింది చెప్పాను. పీకే గారి లాంటి వాళ్లు ఎప్పుడూ ఉంటారు.

ఖరగ్‌పూర్_అప్పారావు
గోపి బాబు హౌటన్ ప్రశ్నకి జవాబు చెప్తాను, మాస్టారు చెప్పిన దానికి ముడిపెట్టి. హౌటన్‌కి ఏం ఇచ్చారో కూడా చూడాలి. నెహ్రూ కప్‌కి ముందు జట్టుని పోర్చుగల్‌లో క్యాంపుకి పంపారు. 2011 ఆసియా కప్‌కి ముందు నెలల తరబడి ఆటగాళ్లని క్లబ్బుల నుంచి విడిపించి ఆయన చేతిలో పెట్టారు. అయినా ఆ టోర్నీలో ఆస్ట్రేలియా 4, బహ్రెయిన్ 5, కొరియా 4 కొట్టాయి. హౌటన్‌ని తక్కువ చెయ్యడం లేదు, క్వాలిఫై చేయించాడు, అది పెద్ద పని. కానీ ఆ రోజులు నయీం సాబ్‌కి ఇచ్చి చూస్తే అప్పుడు పోల్చవచ్చు.

క్లబ్ కోచ్‌కి ఆటగాడు రోజూ పొద్దున్నే కళ్లముందుంటాడు. ఏం తింటున్నాడు, ఎప్పుడు పడుకుంటున్నాడు, మోకాలు ఎలా ఉంది, అన్నీ తెలుస్తాయి. నయీం సాబ్ కోచింగ్ అంతా ఈ రోజువారీ మీదే నిలబడింది. 1990 అందుకే సాధ్యమైంది. నేషనల్ కోచ్‌కి ఆటగాడు అప్పు. పది రోజులకి తెచ్చుకుని తిరిగి ఇచ్చెయ్యాలి. పది రోజుల్లో క్రమశిక్షణ నేర్పబోతే ఆటగాడికి అది కోపంలా కనిపిస్తుంది.

గోల్‌పోస్ట్_గోపి
"ఆటగాడు అప్పు" అన్నది ఒప్పుకోవాల్సిందే. కానీ అప్పారావు గారూ, అది తెలిసి పద్ధతి మార్చుకోవడం కూడా నేషనల్ కోచ్ పనిలో భాగమే కదా. పది రోజులే ఉంటే పది రోజుల కోచింగ్ చెయ్యాలి. ఆ ఒక్క విషయంలో నేను కదలను.

ఖరగ్‌పూర్_అప్పారావు
కదలొద్దు బాబూ, అది న్యాయమైన మాటే. ఆయన అక్కడ మారలేదు. నేను కూడా ఒప్పుకుంటా.

ఢాకా_డైరీ
ఫార్మా కంపెనీ పని మీద నేను కొన్నేళ్లు ఢాకాలో ఉన్నాను, ఇక్కడ ఎవరూ ఎత్తని ఒక సంగతి చెప్తా. నయీముద్దీన్ గారికి అక్కడ పెద్ద పేరు. బ్రదర్స్ యూనియన్ అనే క్లబ్‌ని లీగ్ చాంపియన్ చేశాడు, అబాహనీ, ఢాకా మొహమ్మడన్ క్లబ్బుల లాంటి కొండల మధ్య అది చిన్న సంగతి కాదు. 2007లో బంగ్లాదేశ్ నేషనల్ టీం కూడా ఆయనకి అప్పగించారు. ఆలోచించండి, 2005 కరాచీ ఫైనల్లో తమని ఓడించిన కోచ్‌ని పిలిచి మా జట్టు చూడు అన్నారు! మనం ఇంటికి పంపిన మనిషిని పక్కింటివాళ్లు పిలిచి పీట వేశారు.

మా ఆఫీసులో ఒక పెద్దాయన ఉండేవాడు, బ్రదర్స్ వీరాభిమాని. నేను హైదరాబాద్ వాణ్నని తెలియగానే బిర్యానీ ఊసెత్తుతాడనుకున్నా, అందరూ అదే అడుగుతారు కదా. ఆయన టీ గ్లాసు పక్కన పెట్టి "నయీం దా వాళ్ల ఊరా!" అన్నాడు. ఆ రోజు నాకు సిగ్గేసింది, ఎందుకంటే ఆ పేరు నేను అప్పటిదాకా సరిగ్గా వినలేదు.

దీక్షిత_10
అన్నా ఇది చదువుతుంటే ఒళ్లు జలదరించింది. నవంబర్‌లో అదే ఢాకాలో మనం ఓడిపోయాం. బంగ్లాదేశ్ మన మీద గెలవడం 2003 తర్వాత ఇదే.

మిడ్‌ఫీల్డ్_మూర్తి
షబ్బీర్ అలీని మర్చిపోకండి. ఆయనా హైదరాబాదే. 1974లో ఆసియా యూత్ చాంపియన్‌షిప్ ఇరాన్‌తో కలిసి పంచుకున్న జట్టుకి కెప్టెన్, తర్వాత కోచ్‌గా గోవా క్లబ్ సాల్గావ్‌కర్‌కి 1998-99 నేషనల్ లీగ్ ఇప్పించాడు. ఒకే ఊరి నుంచి ఇంతమంది కోచ్‌లు ఎలా వచ్చారో ఎవరైనా పుస్తకం రాయాలి.

లెఫ్ట్‌వింగ్_లచ్చన్న
ఇప్పుడు ఆ ఊళ్లో ఏముంది? 2022లో హైదరాబాద్ ఎఫ్‌సీ ఇండియన్ సూపర్ లీగ్ (ఐఎస్ఎల్) గెలిచినప్పుడు కోచ్ స్పానిష్ ఆయన మనోలో, ఆయన్నే తర్వాత ఇండియా కోచ్‌ని చేశారు. మొదటి మ్యాచ్ మన గచ్చిబౌలిలోనే, మారిషస్‌తో 0-0. నేను స్టేడియంలో ఉన్నా. చివరి పది నిమిషాలు జనం ఫోన్లు చూసుకుంటున్నారు.

బర్కాస్_భాయ్
ఆ 0-0 నేనూ చూశా. బయటికొస్తుంటే నా పక్కన నడుస్తున్న కుర్రాడు వాళ్ల నాన్నని అడుగుతున్నాడు, మనం ఎప్పుడైనా గెలిచామా అని. ఆ తండ్రి దగ్గర జవాబు లేదు. ఆగి చెప్పబోయా, ఈలోగా జనం తోసేశారు.

స్టాపర్_సత్యం
రెండు రోజులుగా ఈ థ్రెడ్ తప్ప ఇంకేం చదవలేదు. గోపి అన్నది నిజం, ఆయన పద్ధతి నేషనల్ టీంకి సరిపోలేదు. అప్పారావు గారు అన్నదీ నిజం, ఆ పద్ధతికి కావాల్సిన రోజులు ఆయనకి ఎవరూ ఇవ్వలేదు. నా మటుకు నేను 2006లో అన్న మాటలు వెనక్కి తీసుకుంటున్నా. "పాత కాలం మనిషి" అని తేలిగ్గా అనేశాను, ఆ పాత కాలంలోనే కదా మనం జపాన్‌ని కొట్టింది.

ఖాలిద్ విషయంలో గ్రూపులో ఒకటే రాశా: మిజోరం ఐజ్వాల్ లాంటి చిన్న క్లబ్‌ని 2017లో దేశవ్యాప్త ఐ-లీగ్ చాంపియన్ చేసినవాడు, రోజులిచ్చి చూడండి అని. ముగ్గురు గ్రూపులోంచి వెళ్లిపోయారు, పోనివ్వండి.

పీఈటీ_మాస్టారు
సత్యం గారూ, ఆ పేపరు ముక్క ఫోటో తీసి పెట్టగలరా? మా బడి నోటీసు బోర్డులో అంటిస్తా. పిల్లలు స్టాపర్ ఆడమంటే మొహం మాడ్చుకుంటున్నారు, అందరికీ ఫార్వర్డే కావాలి.

స్టాపర్_సత్యం
తప్పకుండా మాస్టారూ. మడత దగ్గర కెప్టెన్ పేరులో ఒక అక్షరం చిరిగిపోయింది, పెన్సిల్‌తో నేను రాసి పంపిస్తా.